పైన పటారం... లోన తుప్పు!

పాత ఎంజీబీ కారు అమ్మకానికి వచ్చిందంటే కొత్తవాళ్లు రంగు చూస్తారు. దెబ్బలు తిన్నవాళ్లు తలుపు సందు చూస్తారు. తలుపు అంచుకూ పక్క రేకుకూ మధ్య ఖాళీ పైనుంచి కిందిదాకా ఒకేలా ఉండాలి. పైన ఇరుకై కింద వెడల్పయిందా... కారు నడుము కుంగినట్టే! బుద్ధిమంతులైతే అక్కడినుంచే వెనక్కి తిరగాలి. తిరగరు. ఆ కారు మాయ అలాంటిది.

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఇది. నేలకు ఆనుకున్నట్టుండే ఎత్తు, మడిచిపెట్టుకునే గుడ్డ టాపు. గట్టి పైకప్పున్న జీటీ రకంతో కలిపి ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్. 2019 నుంచి మన రోడ్లమీద తిరుగుతున్న ఎంజీ కార్లదీ ఆ పేరే. ఇప్పుడది చైనా కంపెనీ చేతిలో ఉంది.

ఎంజీబీకి లారీలా విడిగా ఛాసిస్ ఉండదు. రేకుల బాడీయే వెన్నెముక. తలుపుల కింద రెండు పక్కలా పొడుగ్గా పెట్టెల్లాంటి భాగాలుంటాయి. వాటిని సిల్స్ అంటారు. పైకప్పు లేని బండి కదా, నడుము నిలబెట్టే భారమంతా ముఖ్యంగా వాటిదే. చక్రాలు చిమ్మే నీళ్లు, చలికాలంలో మంచు పేరుకోకుండా రోడ్డుమీద చల్లే ఉప్పు వాటిలో చేరి లోపల్నుంచే కొరికేస్తాయి. పైకి మాత్రం నిగనిగలే!

బాగుచేద్దామని పై రేకు విప్పితే లోపల ఇంకో రెండు పొరలు. అవీ పోయే ఉంటాయి. కోసేముందు తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప కడ్డీ వెల్డింగ్ చేసి బిగించాలి. ఆ ఒక్క పనీ మరిచిపోతే బాడీ కుంగిపోతుంది. ఆ వంపుమీదే కొత్త సిల్ అతికించారో... తలుపు ఇక జన్మలో సరిగా పడదు. రెండు వారాల్లో అయిపోతుందనుకున్న పని రెండేళ్లు పడుతుంది. 'ఎప్పటికవుతుంది?' అని అడగడం కూడా ఇంట్లోవాళ్లు మానేస్తారు. చాలా కార్లు అక్కడే, షెడ్డులో గుడ్డ కప్పుకుని ఆగిపోతాయి. పాత అచ్చులతోనే 1988 నుంచి ఎంజీబీకి కొత్త బాడీలు తయారు చేస్తున్నారు కానీ, దానికి డబ్బుండాలి. అంతా అయ్యాక అమ్మితే పెట్టిన ఖర్చు తిరిగొస్తుందా అంటే... సాధారణంగా రాదు.

మరి ఎందుకీ తిప్పలు? ఇంజిన్ మూత ఎత్తితే తెలుస్తుంది. కంప్యూటర్ లేదు. అన్నీ కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి. రెండు కార్బ్యురేటర్లూ సమానంగా గాలి పీలుస్తున్నాయో లేదో తెలుసుకోవాలంటే రబ్బరు గొట్టం ఒక చివర చెవి దగ్గర, రెండో చివర కార్బ్యురేటర్ మూతి దగ్గర పెట్టి వింటారు. డాక్టరు గుండె చూసినట్టు! రెండు బుసలూ ఒక్కలా వినిపించేదాకా స్క్రూ తిప్పడమే. పెట్రోలు పంపు టిక్కుటిక్కుమనడం ఆగిపోతే మెల్లగా ఓ తట్టు తడతారు. చాలాసార్లు మళ్లీ కొట్టుకుంటుంది. లైట్లు ఆరిపోవడం మామూలే. అందుకే కరెంటు సామాను చేసిన లూకాస్ కంపెనీకి కార్ల ప్రియులు 'చీకటి యువరాజు' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. తీరా వెతికితే తప్పు తరచుగా తుప్పు పట్టిన ఎర్త్ కనెక్షన్‌దే. గరుకు కాగితంతో రుద్దితే వెలుగొస్తుంది. ఆ క్షణంలో కలిగే గర్వం కొత్త కారు తాళాలు అందుకున్నా రాదు.

ఇందులో సరదాతోపాటు బాధ్యతా ఉంది. నలభై ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని కార్లకు బ్రిటన్‌లో 2018 నుంచి ఏటా చేసే తనిఖీ తప్పనిసరి కాదు. బండి క్షేమంగా ఉందో లేదో చూసుకోవాల్సింది సొంతదారే. తుప్పు కన్నాన్ని పుట్టీతో పూడ్చి, పైన రంగు కొట్టేస్తే అడిగేవాళ్లుండరు. కానీ రేపు ఆ సీట్లో కూర్చునేది మన బిడ్డే కావచ్చు, మనల్ని నమ్మి కొన్న ఇంకెవరి బిడ్డో కావచ్చు.

అందుకే మంచి పనిమంతుడు రంగు వేసేముందు ఫొటోలు తీసి దాచుకుంటాడు. మూడు పొరలూ కొత్త రేకుతో ఎలా అతికించాడో వాటిలో ఉంటుంది. రంగు వేశాక ఆ పని ఇక ఎవరికీ కనిపించదు. తలుపు వేసినప్పుడు మాత్రం 'టక్'మని ఒక్క చప్పుడు వినిపిస్తుంది. రెండేళ్ల కష్టానికి అదే కూలి!