ఎనిమిది పైసల పద్దు

ఆగస్టు 7 వస్తే సిద్దిపేట గొల్లభామ చీరకు ఎక్కడలేని గౌరవం. 1905లో అదే రోజున కలకత్తాలో మొదలైన స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా 2015 నుంచి జాతీయ చేనేత దినోత్సవం జరుపుకుంటున్నాం. తలపై చల్లకుండ, చేతిలో గురిగితో నడిచే గొల్లభామను అంచు మీద పోగు పోగుగా చేత్తో నిలిపే పనితనానికి 2012లో భౌగోళిక గుర్తింపూ దక్కింది. ఎంత పొగిడినా తక్కువే. కానీ శాలువాల సందడిలో ఎవరూ అడగని వస్తువు ఒకటుంది, నేతన్న పొదుపు పాసుపుస్తకం. ఈ పూట చీర మడతపెట్టి దాన్ని తెరుద్దాం.

2017లో రాష్ట్ర ప్రభుత్వం ‘నేతన్నకు చేయూత’ పథకం తెచ్చింది. మగ్గం కార్మికుడు తన కూలీలో 8 శాతం దాచుకుంటే సర్కారు అందుకు రెట్టింపు, అంటే 16 శాతం జమచేయాలి. మరమగ్గాల వారికైతే 8 శాతానికి 8 శాతమే. నెలకు ఆరు వేల కూలీ పడిందనుకుందాం. నేతన్నవి 480 రూపాయలు, సర్కారువి 960. మూడేళ్లకు వడ్డీ కాకుండానే 51,840 అవుతుంది. బిడ్డ పెండ్లికో, చిట్టీల అప్పు తీర్చడానికో అక్కరకొచ్చే మొత్తం. 2020 లాక్‌డౌన్‌లో మగ్గాలు మూగబోయినప్పుడు గడువు నిండకముందే డబ్బు తీసుకోవడానికి అనుమతిచ్చారు. అడుక్కోవాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే అందులో మొదటి పైసా నేతన్నదే. సాయం పథకాలకూ దీనికీ తేడా అక్కడే ఉంది. ఇక్కడ సర్కారు వాటా దానం కాదు, బాకీ.

దుబ్బాక, సిద్దిపేటల్లోని పద్మశాలి ఇండ్లల్లో కథ మగ్గంతో అయిపోదు. లోపల ఆయన మగ్గం గుంతలో కూర్చుంటే, అరుగు మీద ఆమె ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ బీడీలు చుడుతుంది. లెక్క వెయ్యి బీడీలకు ఇంత అని. ఆ కూలీలోనూ పీఎఫ్ కోత ఉంటుంది. మామూలు పరిశ్రమల్లో 12 శాతమైతే బీడీకి 10. ఇది గాక బీడీ కార్మికుల దవాఖానలకు, పిల్లల స్కాలర్‌షిప్పులకు, ఇండ్లకు అని 1976 చట్టం కింద కంపెనీల నుంచి వసూలయ్యే సెస్సు ఉండేది. 2017లో జీఎస్టీ రావడంతో అది రద్దయింది. అప్పుడు బీడీ మీద పన్ను తగ్గిందా అంటే లేదు, 28 శాతం శ్లాబులోకి వెళ్లింది. ఆమె పేరు చెప్పి వసూలు చేసే పైసలకు మాత్రం ఆ పేరు పోయింది. పెద్ద గల్లాపెట్టెలో పడ్డాక ఇది నాదని అడిగే దారేది?

ఆ పీఎఫ్ పద్దుకు మరో విలువ 2015లో తెలిసొచ్చింది. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలుపెట్టింది. 2019లో అది 2,016కు పెరిగింది. మంచి నిర్ణయం, దేశంలో చాలాచోట్ల లేనిది. అయితే 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఖాతా ఉన్నవారికే అన్నారు. ఏండ్ల తరబడి బీడీలు చుట్టినా కంపెనీ పీఎఫ్ నంబరు ఇవ్వకపోతే ఆమె లెక్కలో లేనట్టే. కోత పెట్టాల్సింది యజమాని, పెట్టించాల్సింది కేంద్ర సంస్థ, భృతి ఇచ్చేది రాష్ట్రం. ముగ్గురిలో ఎవరి తప్పు జరిగినా నష్టం మాత్రం చాట పట్టిన చేతికే.

బాధ్యతలు పైనుంచి కిందికి దిగుతున్నాయని మనం గర్వంగా చెప్పుకుంటాం. రాజ్యాంగం పదకొండో షెడ్యూలు పంచాయతీలకు చూపిన 29 అంశాల్లో కుటీర పరిశ్రమలూ ఉన్నాయి. మగ్గం విషయంలో పంచాయతీ చేయగలిగిందేమిటో ఏ సర్పంచినైనా అడగండి, నవ్వి ఊరుకుంటారు. పని దిగింది, పైసలు దిగలేదు. సిద్దిపేటలో ఇరవై వేలు దాటిన జీతగాడి నుంచి నెలకు 200 రూపాయలు కోసే వృత్తి పన్నునే చూడండి. స్థానిక సంస్థల కోసం కూడా వేయవచ్చని రాజ్యాంగం 276వ అధికరణంలో రాసిన పన్ను అది. తమిళనాడు, కేరళల్లో స్థానిక సంస్థలే వసూలు చేసుకుంటాయి. మన దగ్గర 1987 చట్టంతో రాష్ట్రం తన చేతికి తీసుకుంది. 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఏర్పడి, సంగారెడ్డి దాకా పోయే తిప్పలు తప్పాయి, నిజమే. ఆఫీసు దగ్గరైనంత మాత్రాన అధికారం దగ్గరైనట్టు కాదు.

డబ్బు కట్టినవాడికి పెత్తనంలో చోటివ్వడం కొత్త మాటేమీ కాదు. జర్మనీలో 1883లో ఛాన్సలర్ బిస్మార్క్ ఆరోగ్య బీమా పెట్టినప్పుడు చందాలో మూడింట రెండొంతులు కార్మికులవి, ఒక వంతు యజమానులది. నిధిని నడిపే కమిటీల్లో బలమూ అదే లెక్కన. బిస్మార్క్ కార్మిక పక్షపాతేమీ కాదు; అయినా డబ్బు కట్టినవాడికి కుర్చీ వేశాడు. అంత దూరం పోవడమెందుకు, హుస్నాబాద్ దాటితే ముల్కనూరు. 1956లో విశ్వనాథరెడ్డి పూనికతో పుట్టిన రైతు సహకార సంఘం సభ్యుల సొమ్ముతో, సభ్యుల ఓటుతో నేటికీ నిలబడి ఉంది. 1995 పరస్పర సహాయక సహకార చట్టం చెప్పిందీ అదే: సర్కారు వాటాధనం వద్దు, సర్కారు పెత్తనమూ వద్దు. మన చేనేత సంఘాలు ఆ బాట పట్టలేదు. నూలుకు, అమ్మకానికి, రిబేటుకు సర్కారు మీదే ఆధారపడ్డాయి కాబట్టి పూర్తిగా తప్పుపట్టలేం. కానీ ఎన్నికైన పాలకవర్గాల గడువు ముగిశాక ఏండ్ల తరబడి సర్కారు పెట్టిన పర్సన్ ఇన్‌చార్జులతో నెట్టుకురావడానికి ఏ సమర్థనా లేదు. పొదుపు కట్టేది నేతన్న, సంతకం పెట్టేది ఆఫీసరు!

ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకాలకు కొత్త పేర్లు వస్తాయి. పేరు ఏదైనా పెట్టుకోండి. నేతన్న 8 శాతం పడిన నెలలోనే సర్కారు 16 శాతం పడాలి. ఆలస్యమైతే వడ్డీ కూడా సర్కారే కట్టాలి. బీడీ భృతికి పీఎఫ్ నంబరు ఉందా అని చూడండి, ఏ తేదీకి వచ్చిందని కాదు. నంబరు ఇవ్వని కంపెనీని పట్టుకోండి, ఆమెను కాదు. అన్నిటికన్నా ముందు చేనేత సంఘాలకు ఎన్నికలు పెట్టండి. వచ్చే ఆగస్టు 7 నాటి వేదిక మీద శాలువా కప్పించుకునేవారిలో ఓటుతో గెలిచిన సంఘం అధ్యక్షులు ఉండాలి.