అద్దం మీది మంచు

వేసవిలో నిప్పులు చెరిగే అనంత కరవు సీమలో వాహనాల అద్దాలకు వేడి పెట్టాలంటే నవ్వు రావడం సహజం. కాని పుష్యమాసంలో ఒక తెల్లవారుజామున బత్తలపల్లె కూడలిలో కాసేపు నిలబడిన వారికి ఆ నవ్వు నిలవదు. మబ్బులేని ఆకాశం కింద మెట్టనేల రాత్రికి రాత్రే చల్లబడుతుంది. గాలిలోని కొద్దిపాటి తేమ సైతం చల్లని గాజు మీద మంచుబిందువులై పేరుకుంటుంది. వెనుక ఏమి వస్తున్నదో డ్రైవరుకు కనిపించదు.

అనంతపురం నుంచి కదిరి వైపు పోయే 42వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే సాగుతుంది. సరుకు లారీలు, తొలి సర్వీసు బస్సులు, కూలీలను ఎక్కించుకున్న ఆటోలు, ఆర్.డి.టి. ఆసుపత్రికి వచ్చే రోగులు, అందరికీ ఆ వేళ అదే దారి. డ్రైవరు తన పక్క అద్దాన్ని చేయి చాచి గుడ్డతో తుడుచుకోగలడు. ఎడమవైపు అద్దం అతనికి అందదు. బస్సు ఎక్కేవారు, దిగేవారు, అంచున పోయే సైకిళ్లు ఉండేది ఆ ఎడమవైపే. తుడిచినా గాజు చల్లగానే ఉంటుంది కనుక మంచు మళ్లీ పడుతుంది. దుమ్ము పట్టిన గుడ్డ అద్దాన్ని గీస్తుంది కూడా.

దీనికి విరుగుడు ఎన్నడో వచ్చింది. రెండు పలుచని ప్లాస్టిక్ పొరల నడుమ సన్నని లోహపు గీతలో, కార్బన్ సిరా గీతలో ఉంటాయి. వెనుక జిగురు ఉండటం వల్ల స్టిక్కరు మాదిరి అద్దం వెనుక అంటుకుంటుంది. మెత్తగా వంగుతుంది కనుక వంపు అద్దాలకూ సరిపోతుంది. బ్యాటరీ కరెంటు పారితే గాజు వెచ్చనై మంచు ఆరిపోతుంది. కొన్ని రకాల సిరాలు వేడెక్కిన కొద్దీ కరెంటును తామే తగ్గించుకుంటాయి. ఒక అద్దానికి 15 వాట్లు పట్టినా, రెండింటికీ కలిపి ఒక హెడ్‌లైటు వాడే దానిలో సగమే.

శీతల దేశాల కార్లలో ఇది సర్వసాధారణం. ఇదే శ్రీ సత్యసాయి జిల్లాలో, పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఆధునిక వాహన విద్య మన గడపలోకి వచ్చింది. పక్క రోడ్డు మీది బస్సు డ్రైవరు చేతిలో మాత్రం ఇంకా పాత గుడ్డే ఉంది.

అయితే తొందరపాటు తగదు. కారుకు 12 వోల్టులు, లారీకి, బస్సుకు సాధారణంగా 24 వోల్టులు. కారు పొరను తెచ్చి లారీకి తగిలిస్తే వోల్టేజి రెట్టింపైనా వేడి నాలుగింతలవుతుంది. 15 వాట్ల పొర 60 వాట్లు తాగి జిగురు ఊడవచ్చు, గాజు పగలవచ్చు. ఫ్యూజు లేకుండా తీగ కలిపితే మంటలకు దారి తీయవచ్చు. తగిన వోల్టేజి, ఫ్యూజు, కొద్ది నిమిషాలకు తానే ఆగిపోయే స్విచ్చి, ఈ మూడూ ఉండాలి.

అద్దం లేనిదే వాహనం రోడ్డెక్కరాదని చట్టం చెబుతున్నది. కనిపించని అద్దం ఉన్నా లేకున్నా ఒకటే కదా! ధర్మవరం ఆర్టీసీ డిపో అధికారులు వేకువ సర్వీసులు కొన్నింటికైనా, ముందుగా ఎడమ అద్దానికి, ఈ పొర అమర్చి ఒక చలికాలం పరీక్షించి చూడాలి. ఫలితం బాగుంటే అంబులెన్సులకు, లారీలకు విస్తరించవచ్చు. అంతవరకు బండి కదిలే ముందు రెండు అద్దాలూ శుభ్రమైన పొడిగుడ్డతో తుడిచే నియమమైనా కచ్చితంగా పాటించాలి. ప్రమాదం జరిగాక ఇచ్చే నష్టపరిహారం కంటే అద్దం వెనుక అంటించే ఈ చిన్న పొర ఎంతో చవక.