ఉద్యోగమూ పోయి, భృతీ రాదంటే?

2022 చివర్నించీ అమెరికా కంపెనీలు వేలల్లో మనుషుల్ని తీసేస్తూ వచ్చాయి. 2023 జనవరిలో గూగుల్ ఒక్కటే 12 వేల మందిని తీసేస్తున్నట్టు చెప్పింది. మన వీధిలో ఎవరింట చూసినా అమ్మాయో, అల్లుడో అక్కడున్నవాళ్లే కదా! "ఆ దేశంలో భయమేం లేదు, ఉద్యోగం పోతే గవర్నమెంటే డబ్బిస్తుందిట" అని మనవాళ్లు ధైర్యం చెప్పుకుంటారు. ఇస్తుంది, నిజమే. కానీ అడిగిన వాళ్లందరికీ ఇవ్వదు.

1935 నాటి సాంఘిక భద్రతా చట్టంతో దేశమంతటా వచ్చిందీ నిరుద్యోగ భృతి. డబ్బు దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ యజమానులు కట్టే పన్నులోంచే వస్తుంది. మెలికంతా ఇక్కడే. తీసేసినవాళ్లు ఎంత ఎక్కువమంది భృతి తీసుకుంటే ఆ యజమాని పన్ను అంత పెరుగుతుంది. మరి "మేం తీసెయ్యలేదు, ఆవిడే మానేసింది" అనో, "తప్పు చేసింది" అనో రాసిస్తే లాభం ఎవరికి?

అసలు ఆడది "మానేసింది" అంటే ఏమిటి అర్థం? భర్తకి వేరే ఊళ్లో ఉద్యోగమొస్తే సామాను సర్దుకుని వెంట వెళ్లడం ఇష్టపడి మానెయ్యడమేనా? రోజూ వెళ్లి రాలేనంత దూరమైతే అది సరైన కారణమే అంటుంది కాలిఫోర్నియా. టెక్సాస్‌లోనైతే, భర్త సైన్యంలో ఉంటే తప్ప, కొన్ని వారాల భృతి పోతుంది. ఒకే దేశం, ఒకేలాంటి కాపురం, రెండు న్యాయాలు! ఇంట్లో హింస పడలేక ఉద్యోగం వదిలి పారిపోయినవాళ్లకి మాత్రం చాలా రాష్ట్రాల చట్టాలు భృతి ఇమ్మంటున్నాయి. ఆ సంగతి తెలీక నోరు మూసుకునేవాళ్లే ఎక్కువేమో అని నా అనుమానం.

కాదన్న ఉత్తరం వస్తే దిగులుపడి సొరుగులో పడెయ్యకూడదు. ఉత్తరం పంపిన తేదీ నుంచి టెక్సాస్‌లో 14 రోజులు, కాలిఫోర్నియాలో 30 రోజులే అప్పీలుకి గడువు. అప్పీలు వేశాం కదా అని, "ఇంకా పని దొరకలేదు, వెతుకుతున్నాను" అని ఎప్పటికప్పుడు పంపాల్సిన వివరాలు మానేస్తే, రేపు గెలిచినా ఆ వారాల డబ్బు చేతికి రాకపోవచ్చు. విచారణ చాలావరకు ఫోన్లోనే. తప్పు చేసి పోగొట్టుకుందంటే రుజువు చెయ్యాల్సింది కంపెనీ. తనే మానేస్తే, తగిన కారణముందని చూపాల్సింది ఆవిడ. ఈ-మెయిళ్లు, వార్నింగ్ లెటర్లు ముందే పంపుకోవాలి. ఇంగ్లీషులో తడబడతామనుకుంటే దుబాసీని అడగొచ్చు, ఖర్చు వాళ్లదే. ఫోన్ చేసే వేళకి దొరక్కపోతే మాత్రం కేసు కొట్టేస్తారు.

హెచ్-1బి మీద వెళ్లిన మన పిల్లలకి ఈ దారి చాలా ఇరుకు. ఉద్యోగం పోయాక వాళ్లకి మహా అయితే 60 రోజులు గడువు. భృతి కావాలంటే వెంటనే ఎక్కడైనా పనిలో చేరగలిగి ఉండాలి, వీసా చూస్తే ఒక కంపెనీకి కట్టేసినది! వాళ్ల పేరున కంపెనీ పన్ను కట్టినా భృతి దగ్గరికొచ్చేసరికి తరచు మొండిచెయ్యే. 2015 నుంచి హెచ్-4 మీదున్న కొందరు భార్యలకి పని పర్మిట్లు ఇస్తున్నారు. వాళ్లు ఏ కంపెనీలోనైనా చేరొచ్చు కనక అప్పీల్లో చెప్పుకోడానికి ఆధారం ఉంది. అయితే ఆ పర్మిటుకి వేరు భర్త వీసాలో ఉంది. ఆయన వీసా పోతే ఈవిడ పర్మిటూ నిలవదు.