స్కేలు పెట్టి కొలిచిన కష్టం

సకల జనుల సమ్మె 2011 సెప్టెంబరు 13న మొదలై అక్టోబరు 24 దాకా 42 రోజులు నడిచింది. బస్సులు డిపోల్లో నిలిచినయి, బడులకు తాళాలు పడ్డయి, సింగరేణి బాయిల్లో బొగ్గు ఆగింది, ఆఫీసుల్లో ఫైలు కదలలేదు. మేడ్చల్ హైవే మీద వంటావార్పు జరిగితే అక్కడ మేమున్నం. శామీర్‌పేట దగ్గర రాజీవ్ రహదారి మీద ధూంధాం పెడితే అక్కడా మేమున్నం. పగలు అందరితోటి రోడ్డు మీద బైఠాయించినం. పొద్దుగూకినంక ఇంటర్నెట్ సెంటర్‌లో కూసొని అదే వార్తను టైపు చేసి డెస్కుకు పంపినం.

రాష్ట్రం వచ్చింది. సమ్మె చేసిన ఉద్యోగులకు 2014లో తెలంగాణ ఇంక్రిమెంట్ ఇచ్చిండ్రు. 2015లో 43 శాతం ఫిట్‌మెంట్, 2021లో 30 శాతం ఫిట్‌మెంట్ వచ్చింది. అది వాళ్ల హక్కు, కొట్లాడి తెచ్చుకున్నరు. దాని మీద మాకు ఏ కడుపుమంటా లేదు. మరి ఆ సమ్మెను ఊరూరు తిరిగి రాసిన మండల విలేకరికి ఏమొచ్చింది? ఆ అక్టోబరు నెలకు మాకు వచ్చిన లైన్ అకౌంట్ 740 రూపాయలు. అది చేతికందింది సంక్రాంతి ముందట.

పెట్రోలు లీటరు 70 రూపాయలు దాటిన రోజులవి. 740 అంటే పది లీటర్లు. మేడ్చల్ నాగపూర్ తొవ్వ మీద ఉంటది, శామీర్‌పేట కరీంనగర్ తొవ్వ మీద ఉంటది, నడుమ అన్నీ అడ్డరోడ్లు. రెండు మండలాల ఊర్లు తిరగాలంటే పది లీటర్లు వారానికి కూడ సాలవు. మా బండికి పెట్రోలు పోయించింది మా నాయిన, పాల బిల్లు పైసలతోని. మేడ్చల్‌లో ఉద్యమ వార్తకు పెట్టుబడి పెట్టింది ఏ పత్రిక యజమానో కాదు, మా ఇంటి రెండు బర్రెలు.

లైన్ అకౌంట్ అంటే ఏందో ఉద్యోగ మిత్రులకు, విద్యార్థి తమ్ముళ్లకు కొంచెం చెప్పాలె. మండల విలేకరికి జీతం ఉండదు. నెలంతా అచ్చయిన తన వార్తలను కత్తిరించి, తెల్లకాయితాల మీద అంటించి, ఒక్కో వార్తకు స్కేలు పెట్టి ఎన్ని సెంటీమీటర్లో పక్కన రాసి, మొత్తం కూడి పంపాలె. సెంటీమీటరుకు ఇంత, ఫొటోకు ఇంత. ఇంగ్లిషులో మనలాంటోళ్లను స్ట్రింగర్ అంటరు. పూర్వం అచ్చయిన వార్తను దారంతోని కొలిచి పైసలు కట్టిచ్చేటోళ్లు కాబట్టి ఆ పేరొచ్చిందని చెప్తరు. దారం పోయి స్కేలు వచ్చింది, అంతే.

ఈ కొలతలో ఉన్న అన్యాయం చూడండి. ఊరికి పోయి, రైతుతోని మాట్లాడి, తహసీల్దారు ఆఫీసు చుట్టు మూడు సార్లు తిరిగి 30 సెంటీమీటర్ల వార్త పంపితే, డెస్కులో అది 8 సెంటీమీటర్లయితది. ఆ రోజు పేజీలో యాడ్ పడ్డది, జాగ లేదు. మన తిరుగుడు తగ్గలేదు, మన పైసలు తగ్గినయి. వార్త మరీ మంచిదయితే మెయిన్ పేజీకి ఎక్కుతది. మేము పని చేసిన పత్రికలో అట్ల ఎక్కిన వార్త జిల్లా పేజీ లెక్కలోకి వచ్చేది కాదు. అంటే వార్త ఎంత పెద్దదయితే రాసినోనికి అంత నష్టం. అదే పుట్టినరోజు కేకు, పరామర్శ, శాలువ కప్పుడు... వీటికి తిరుగుడు లేదు, ఫోన్లోనే అయిపోతయి, ఫొటో పైసలు కూడ వస్తయి. పల్లె పేజీల నిండా కేకులు కోసే ఫొటోలేందని నవ్వేటోళ్లు ఈ లెక్కను కూడ జర చూడాలె.

1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలు పెట్టింది. మిగతా పత్రికలు కూడ అదే తొవ్వ పట్టినయి. మండలానికి ఒక విలేకరి పుట్టిండు. ఇది చిన్న ముచ్చటేం కాదు. అప్పటిదాక పేపర్లకు ఎక్కని ఊరి గోస అచ్చులో కనబడ్డది. పట్నం పేజీల్లో మన ఉద్యమానికి మూలకు జాగ దొరికిన రోజుల్లో కూడ జిల్లా పేజీల నిండా మన ర్యాలీలే, మన రిలే దీక్షలే. అవన్నీ రాసింది జీతం లేని పిల్లగాండ్లు. 2020 లాక్‌డౌన్‌లో చాలా పత్రికలు ఆ జిల్లా అనుబంధాలనే ఎత్తేసి మెయిన్‌లో కొన్ని పేజీలకు కుదించినయి. పేజీ తగ్గితే సెంటీమీటర్లు తగ్గుతయి. సెంటీమీటర్ల మీద బతికేటోని సంగతి ఎవరడిగిండ్రు?

మరి ఎట్ల బతకాలె? దీనికి యాజమాన్యాల దగ్గర జవాబున్నది. యాడ్లు తేండి, కమీషన్ తీసుకోండి. పత్రిక వార్షికోత్సవానికి ఒక టార్గెట్, ఆగస్టు 15కు ఒకటి, దసరాకు ఒకటి. మేడ్చల్, శామీర్‌పేటల్లో యాడ్ ఇచ్చేటోళ్లు ఎవరు? ద్రాక్ష తోటలు కొట్టేసి ప్లాట్లు చేసిన వెంచరోళ్లు, ప్రైవేటు కాలేజీలోళ్లు, ఎలక్షన్లో నిలబడాలని చూసేటోళ్లు. ఔటర్ రింగ్ రోడ్డు పడ్డంక ఇక్కడి భూమి ఎకరాల లెక్క నుంచి గజాల లెక్కకు వచ్చింది. రాయాల్సిన వార్తలన్నీ ఆ భూమి మీదనే ఉన్నయి, అడుక్కోవాల్సిన యాడ్లు కూడ ఆ భూమి మీదనే ఉన్నయి.

ఒకసారి చెరువు శిఖంలో మట్టి పోస్తున్నరని ఒక ఊరి పెద్దమనిషి ఫోన్ చేసిండు. పోయినం, ఫొటోలు తీసుకొచ్చినం. అదే వెంచరాయన దసరా యాడ్‌కు మాటిచ్చి అప్పటికి వారమయింది. టార్గెట్ కట్టకుంటే మండలం ఇంకొకరికి పోతదని పైనుంచి కబురు. ఆ రాత్రి వార్త టైపు చేసినం గని పంపలేదు. ఎవరూ ఆపుమనలేదు, మేమే ఆపినం. ఇయ్యాల ఆ జాగలో ఇండ్లున్నయి. ఆ పెద్దమనిషి ఇప్పటికీ హోటల్ కాడ కలుస్తడు, చాయ్ తాగుమంటడు, ఆ వార్త ముచ్చట మాత్రం అడగడు.

విలేకర్లు వసూళ్లు చేస్తరని అంటరు. చేసేటోళ్లు మాలో ఉన్నరు, వాళ్లను వెనకేసుకొచ్చేది లేదు. గని జీతం ఇయ్యకుండ మెడలో కార్డు ఏసి బజారు మీదికి తోలేటోనికి తెల్వదా, ఆ మనిషి దేని మీద బతుకుతడో?

చట్టం లేక కాదు ఈ గోస. వర్కింగ్ జర్నలిస్టుల చట్టం 1955లోనే వచ్చింది. జర్నలిజం ప్రధాన వృత్తిగా ఉండి, పత్రికలో పూర్తికాలమో పార్ట్ టైమో పనిచేసేటోడు వర్కింగ్ జర్నలిస్టు అని అందులో ఉన్నది. రిపోర్టర్, కరస్పాండెంట్ అన్న మాటలు కూడ ఉన్నయి. అందుకే పనిలో పెట్టుకునే ముందు మాతోని ఒక కాయితం మీద సంతకం తీసుకున్నరు. మాకు వేరే ఆదాయం ఉన్నదట, వార్తలు రాసుడు సరదాకట. ప్రధాన వృత్తి అన్న ఆ రెండు మాటలను తప్పించుకునేటందుకే ఆ కాయితం. చదవకుండనే సంతకం పెట్టినం. డిగ్రీ చదివినోళ్లమే మరి! రాష్ట్ర విభజన మీద ఏ కమిటీ నివేదికలో ఏ పేజీలో ఏమున్నదో అడిగితే చెప్పేటోళ్లం, మా సొంత కాయితం మాత్రం చదువుకోలేదు.

మజీఠియా వేతన సంఘం సిఫారసులను కేంద్రం 2011 నవంబరులో నోటిఫై చేసింది. అప్పటికి సకల జనుల సమ్మె ముగిసి నెల కూడ కాలేదు. యజమానులు కోర్టుకు పోతే, 2014 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ సిఫారసులు చెల్లుతయని తీర్పిచ్చింది. మరో పదకొండు రోజులకు, ఫిబ్రవరి 18న, లోక్‌సభలో తెలంగాణ బిల్లు గట్టెక్కింది. ఆ నెలంతా మేము టీవీల ముందటి నుంచి లేవలేదు, పటాకులు కాల్చినం, ఆ సంబురం వార్తలు రాసినం. మన జీతం తీర్పు ఒకటి వచ్చిందన్న సోయి మాలో ఎంతమందికున్నది? 2017 జూన్ 19న సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది, కాంట్రాక్టు మీద పనిచేసేటోళ్లకు కూడ ఆ వేతనాలు వర్తిస్తయని. మండలాల్లో మాత్రం స్కేలు పక్కకు పెట్టినోడు లేడు.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి 1955 చట్టమే పోయింది. కొత్త నిర్వచనంలో డిజిటల్ మీడియాను కలిపిండ్రు, మంచిదే. పార్ట్ టైం అన్న మాట ఉన్నది. ప్రధాన వృత్తి అన్న మాట కూడ అట్లనే ఉన్నది. అంటే ఆ సరదా కాయితం మీద సంతకాలు ఇంక కొన్నేండ్లు నడుస్తయి.

సర్కారు ఏమీ చెయ్యలేదనలేం. రాష్ట్రం వచ్చినంక జర్నలిస్టుల సంక్షేమ నిధి పెట్టిండ్రు. చనిపోయిన జర్నలిస్టు కుటుంబానికి మీడియా అకాడమీ ద్వారా లక్ష రూపాయలు, ఐదేండ్ల పాటు నెలకు 3 వేల పింఛను ఇచ్చిండ్రు. ఆ ఇండ్లకు అది నిజంగా ఆసరా. గని మాలో ఒకరు ఒకనాడు అన్న మాట యాదికొస్తది: బతికున్నప్పుడు నెలకు 3 వేలు చూడలేదు, సచ్చినంక వస్తయంటున్నరు కదనే!

ఇగ మన ఇంటి ముచ్చట కూడ మాట్లాడుకోవాలె. సీమాంధ్ర యాజమాన్యాలు తెలంగాణ పిల్లగాండ్ల చెమట తాగుతున్నయని రాసినం, అది అబద్ధం కాదు. తర్వాత తెలంగాణోళ్ల పత్రికలు వచ్చినయి, చానళ్లు వచ్చినయి. మండలంలో అదే స్కేలు, అదే టార్గెట్. ఉద్యమ పత్రికల్లో అయితే లైన్ అకౌంట్ కూడ లేదు. ఉద్యమం కదా, పైసలేందన్నరు. మేమూ అడగలేదు, అడుగుడే తప్పనుకున్నం. 2001లో తెలంగాణ జర్నలిస్టుల ఫోరం పుట్టిననాటి నుంచి సీనియర్లు బ్యానర్ పట్టుకొని ముందట నడిచిండ్రు, వాళ్ల వెనక మేము నడిచినం. ఆ కాగడాల ర్యాలీలు, ఆ లాఠీ దెబ్బలు పైసల కోసం కాదు, ఇప్పుడు వాటికి లెక్క కడుతలేం. గని నీళ్లు, నిధులు, నియామకాలని గొంతు చించుకున్న మేము, మా చేతిలో ఒక నియామక పత్రం లేదన్న సంగతి ఏ వేదిక మీద చెప్పినం? ఉద్యమానికి ఉత్తగ రాసుడు వేరు. ఉద్యమం పేరు చెప్పి కాయితానికి, ప్రెస్సుకు, ఆఫీసు కిరాయికి పైసలు కట్టి, రాసినోనికి మాత్రం సున్న చుట్టుడు వేరు. ప్రెస్సోడు అప్పు పెట్టడని అందరికీ తెలుసు. రాసేటోడు అడగడని కూడ తెలుసు.

మేము అడిగేది పెద్దదేం కాదు. సర్కారు యాడ్లు ఇచ్చేటప్పుడు సమాచార శాఖ ప్రతి పత్రికను సర్క్యులేషన్ లెక్క అడుగుతది. ఆ కాయితంతోని పాటు మండల విలేకరులకు నెలకు ఎంత కట్టిచ్చిండ్రో, ఏ బ్యాంకు ఖాతాలో పడ్డదో కూడ అడగాలె. కనీస వేతనం, బండి ఖర్చు కట్టియ్యని పత్రికకు ప్రజల పైసలతోని యాడ్ ఎందుకియ్యాలె? దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు సాలు. యాడ్ తెచ్చే పని యాడ్ మనిషికి, వార్త రాసే పని విలేకరికి విడగొట్టాలె. జర్నలిస్టు సంఘాలు పట్నంలో ఇండ్ల జాగల మీద పెట్టిన జోరులో సగమన్న దీని మీద పెట్టాలె. ఉద్యోగ సంఘాల అన్నలకు కూడ ఒక మాట. పీఆర్సీ కోసం మీరు పెట్టే ప్రెస్ మీట్‌లో ముందు వరుసలో కూసొని రాసుకునే పిల్లగానికి నెలకు ఎంతొస్తదో ఒక్కసారి అడగండి. మీ కొట్లాటకు మేము రాసినం, మా కొట్లాటకు మీరొక తీర్మానం చెయ్యండి.

ఈ వ్యాసం ఇచ్చేటప్పుడు ఈ పత్రిక ఎడిటర్ అన్నను కూడ అడిగినం, దీనికి ఎంతిస్తరని. అన్న జరసేపు నవ్విండు. కాయితం ధర పెరిగిన సంగతి చెప్పిండు, చందాలు రాని సంగతి చెప్పిండు. అవి నిజాలే, మాకు తెలుసు. మళ్లీ అడిగినం. వచ్చే వారం కూసొని మాట్లాడుదమన్నడు. వచ్చే వారం పోతున్నం.