గోల్ పడింది... కానీ చెల్లదు!

ప్రపంచకప్ వచ్చిందంటే చాలు, ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న తప్పదు. బంతి వలలో పడుతుంది. కొట్టినవాడు చేతులు చాచి పరుగు తీస్తాడు. ఇంతలో గీత పక్కన జెండా లేస్తుంది. 'ఏమైందిరా?' అంటాడు తాతయ్య. 'ఆఫ్‌సైడ్' అంటాడు మనవడు. 'అంటే?' అన్నారనుకోండి, వాడు మెల్లగా మంచినీళ్లకని లేచిపోతాడు!

అసలు ఈ రూలు ఎందుకు పుట్టిందో తెలియాలంటే మైపాడు, కోడూరు ఇసుకలో సాయంత్రంపూట బంతి తన్నే పిల్లల్ని చూడండి. రెండు చెప్పులు దూరదూరంగా పెట్టి అదే గోల్ అంటారు. పరుగెత్తడానికి బద్ధకించే ఒకడు అవతలివాళ్ల చెప్పుల దగ్గరే కాపు కాస్తాడు. బంతి రాగానే తోసేయడమే వాడి పని. వడ్డన మొదలుకాకముందే విస్తరి ముందు కూర్చునే చుట్టం లాంటివాడన్నమాట. ఆ బాపతు ఆటగాడి కోసమే ఇంగ్లండువాళ్లు 1863లోనే రూలు రాశారు. అన్నట్టు, మన పిల్లలది తప్పేం కాదు. ఫిఫా బీచ్ సాకర్ నిబంధనల్లో కూడా ఆఫ్‌సైడ్ లేదు!

ఇక రూలు సంగతి. మీ జట్టువాడు బంతిని తన్నిన క్షణంలో మీరు అవతలి సగంలో, బంతి కంటే ముందు ఉన్నారు. పైగా ఎదుటి జట్టులో చివరి నుంచి రెండోవాడి కంటే కూడా గోల్ లైనుకు దగ్గరగా ఉన్నారు. అప్పుడు మీరు ఆఫ్‌సైడ్ స్థానంలో ఉన్నట్టు. ఊరికే ఉంటే తప్పు కాదు, అక్కడి నుంచి ఆటలో వేలు పెడితేనే తప్పు. గోల్ కిక్, త్రో, కార్నర్‌ల నుంచి నేరుగా వచ్చే బంతికి ఈ బాధ లేదు.

చాలామంది పొరబడేది ఆ 'రెండోవాడి' దగ్గరే. గోల్‌కీపర్ ఎప్పుడూ చివర ఉంటాడు కాబట్టి ఒక్క డిఫెండర్‌ని చూస్తే చాలనుకుంటారు. 2022 నవంబర్ 20న ఖతార్, ఈక్వెడార్ మ్యాచ్‌లో మూడో నిమిషంలోనే వాలెన్సియా గోల్ కొట్టాడు. అది చెల్లలేదు. కీపర్ ముందుకొచ్చేయడంతో వెనక మిగిలింది ఒక్క డిఫెండరే. ఈక్వెడార్ ఆటగాడు ఎస్ట్రాడా కాలు లెక్కలో రెండోవాడిని దాటింది. టీవీ ముందున్నవాళ్లు చాలాసేపు తల గోక్కున్నారు.

ఈ గీత ఎప్పుడూ ఒకచోట లేదు. 1866 నుంచి ముందర ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలనేవారు. న్యూకాజిల్ డిఫెండర్ మెక్‌క్రాకెన్ లాంటివాళ్లు సరిగ్గా సమయానికి ఒక అడుగు ముందుకేసి దాడికొచ్చినవాళ్లని వలలో వేసేవారు. గోల్స్ కరువైపోయాయి. 1925లో ముగ్గురిని ఇద్దరు చేశారు. ఇంగ్లండు ఫస్ట్ డివిజన్‌లో గోల్స్ ఒక్క సీజన్‌లో 1,192 నుంచి 1,703కి ఎగబాకాయి! అయినా డిఫెండర్‌తో సమానంగా ఉన్నవాడు 1990 దాకా ఆఫ్‌సైడే. హైదరాబాదీ కోచ్ రహీం శిక్షణలో మన జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది కదా. ఆ రెండింటిలోనూ ఆడిన మన సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం లాంటి ఫార్వర్డ్‌లకు, ఇప్పటివాళ్లకున్న ఆ కాస్త వెసులుబాటు కూడా లేదు.

ఇప్పుడు లెక్క మరీ సన్నబడింది. 2022లో స్టేడియం కప్పు కింద 12 కెమెరాలు, బంతిలో సెకనుకు 500 సార్లు కబురు పంపే సెన్సర్. సౌదీ అరేబియా మీద మొదటి సగంలోనే అర్జెంటీనా గోల్స్ మూడు ఆఫ్‌సైడ్‌లో పోయాయి, 2-1తో మ్యాచే పోయింది. సౌదీ డిఫెండర్లు ప్రాణాలకు తెగించినట్టు ఒక్క వరసలో ముందుకు జరగడం గొప్ప సంగతే. కానీ గోల్ దగ్గర కాపు కాసే బద్ధకస్తుడి కోసం పెట్టిన రూలు భుజం అంచు కొలిచేదాకా రావడం నాకైతే అతిగానే ఉంది. శరీరంలో గోల్ కొట్టగల భాగం ఏ కాస్త సమానంగా ఉన్నా వదిలేయాలని ఆర్సీన్ వెంగర్ అంటున్నాడు. నా ఓటు ఆయనకే.

కెమెరాలు లేని మన కాలేజీ మ్యాచ్‌లలో మాత్రం అన్నీ లైన్స్‌మనే. ముప్ఫై గజాల అవతల పాస్ ఇచ్చేవాడి కాలినీ, తన ఎదుట పరుగెత్తేవాడి స్థానాన్నీ ఒకే క్షణంలో చూడాలి. ఉన్నవి రెండు కళ్లే, అవీ ఒకవైపే తిరుగుతాయి. బంతి అందుకునేసరికి ఫార్వర్డ్ రెండు గజాలు ముందుంటాడు. గట్టు మీది కుర్రాళ్లు చూసేది అప్పుడే, తిట్లు మొదలయ్యేదీ అప్పుడే.