పాటకు కట్టిన పెట్టె

కొన్నేళ్ళుగా ధ్వనిపరికరాల విపణిలో ఒక పాత రూపం మళ్ళీ దర్శనమిస్తోంది. వెడల్పాటి ముఖం, పైన నునుపైన కొయ్యపొర, ముందు గుడ్డతెర: వెనుకటి తరం రేడియోగ్రామును తలపించే స్పీకరు పెట్టెలవి. ఇంగ్లండుకు చెందిన వార్ఫ్‌డేల్ సంస్థ 1960లలో పేరుపొందిన తన ‘లింటన్’ను 2019లో ఆ పాత ఛాయలతోనే తిరిగి తెచ్చింది. కొందరు తయారీదారులు మరొక అడుగు ముందుకు వేసి, స్పీకరును విడిభాగాలుగానే అమ్ముతున్నారు. బిగించుకోవడం కొన్నవారి వంతు. అందువల్ల ధర తగ్గుతుంది. ఇదంతా గతంపై మోజేనా, లేక ఇందులో సారం కూడా ఏమైనా ఉన్నదా?

సమాధానం స్పీకరు పనితీరులోనే ఉంది. అయస్కాంతపు ఇరుకులో ఒక తీగచుట్ట, దానికి అతికించిన కాగితపు శంకువు. చుట్టలో విద్యుత్తు మారినప్పుడల్లా శంకువు ముందుకూ వెనుకకూ కదిలి గాలిని నెడుతుంది. అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1925లో వివరించిన ఈ పద్ధతే నేటికీ చాలా ఇళ్ళలో పాట వినిపిస్తోంది. అయితే శంకువు ముందున్న గాలిని ఒత్తినప్పుడు వెనుకనున్న గాలి పలచబడుతుంది. సెకనుకు 50 కంపనాలు గల మంద్రస్వరపు తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. అరచేయంత శంకువు అంచును అది అనాయాసంగా చుట్టివస్తుంది. ముందరి ఒత్తిడీ వెనుకటి వెలితీ కలిసి ఒకదానినొకటి చెరిపివేస్తాయి. మృదంగం వినబడుతుంది గాని దాని గుమికి వినబడదు. ఆ రెంటినీ వేరుచేసేదే పెట్టె. అది అలంకారం కాదు, స్పీకరులో సగభాగం.

ఆ పెట్టె పెద్దదైతే ఒక లాభముంది. తక్కువ విద్యుచ్ఛక్తితోనే లోతైన మంద్రం పలుకుతుంది. చిన్న పెట్టె నుంచి అదే లోతు రాబట్టాలంటే శక్తిని ఎక్కువగా వెచ్చించాలి. కాబట్టి పాతకాలపు వెడల్పాటి పెట్టె వట్టి ముచ్చట కాదు, లెక్కకు నిలిచిన ఆకృతి.

పెట్టె చేయడం వడ్రంగి పని. స్వయంగా బిగించుకునే సంప్రదాయం ఇక్కడే పుట్టింది. 1932లో ఇంగ్లండులోని ఇల్క్లీ పట్టణంలో తన ఇంటి నేలమాళిగలో వార్ఫ్‌డేల్ సంస్థను ప్రారంభించిన గిల్బర్ట్ బ్రిగ్స్, 1948లో లౌడ్‌స్పీకర్లను గురించి సామాన్య పాఠకునికి అర్థమయ్యే పుస్తకం రాశాడు. పెట్టె గోడలు తామే కంపించి పాటలో తలదూర్చకుండా, రెండు ప్లైవుడ్ పలకల నడుమ ఇసుక నింపి చూపించాడు. ఆయన సంస్థలో పనిచేసిన రేమండ్ కుక్ 1961లో కెంట్ ప్రాంతంలో కెఫ్ సంస్థను స్థాపించి, స్పీకరు యూనిట్లను ఇంట్లో బిగించుకునేవారికి కూడా అందించాడు.

అయినా చాలాకాలం పెట్టె కొలతలు ఊహకూ ఓపికకూ సంబంధించిన విషయాలుగానే ఉండేవి. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లోనూ, రిచర్డ్ స్మాల్ 1970ల తొలి సంవత్సరాలలోనూ ప్రకటించిన వ్యాసాలు ఆ స్థితిని మార్చాయి. యూనిట్‌కు సంబంధించిన కొద్దిపాటి అంకెలు తెలిస్తే, దానికి ఎంత పెట్టె కావాలో కాగితంమీదనే లెక్కకట్టవచ్చునని వారు నిరూపించారు. ఆ జ్ఞానం ఏ కర్మాగారపు ఇనప్పెట్టెలోనూ ఉండిపోలేదు, అందరిదీ అయింది.

అనువాదం వృత్తిగా గల నాకు స్పీకరు ఒక సహోద్యోగిలా తోస్తుంది. దాని పనీ అనువాదమే. విద్యుత్తు భాషను గాలి భాషలోకి మార్చడం. మంచి అనువాదకుని యాస మూలంలోకి చొరబడరాదు. బ్రిటిష్ ప్రసార సంస్థ బి.బి.సి. ఇంజనీర్లు ఇదే పరీక్ష పెట్టేవారు. స్టూడియోలో మాట్లాడే మనిషి గొంతును నేరుగా విని, వెంటనే అదే గొంతును స్పీకరులో విని పోల్చేవారు. బయటి ప్రసారాల వాహనాలలో అమర్చడానికి 1970లలో వారు రూపొందించిన ‘ఎల్.ఎస్. 3/5ఎ’ కేవలం ఒక అడుగు ఎత్తు పెట్టె. దాని గోడలు లావుపాటివి కావు. సుమారు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, లోపల కంపనాన్ని మింగే తారు పలకలు. కెఫ్‌లో దాని యూనిట్లను తీర్చిన మాల్కం జోన్స్ తరువాత నెలకొల్పిన ఫాల్కన్ సంస్థ, ఆ వంశానికి చెందిన చిన్న స్పీకర్లను విడిభాగాల రూపంలోనూ అమ్మింది.

మన దేశంలోనూ ఈ పనికి కావలసిన చేతులకు కొదవ లేదు. చెన్నై రిచీ వీథి, ముంబయి లామింగ్టన్ రోడ్డు, హైదరాబాదు కోఠీ అంగళ్ళు స్పీకర్లకూ తీగలకూ ఏనాటినుంచో ప్రసిద్ధాలు. అయితే ఉత్సాహవంతులు మూడు మాటలు గుర్తుంచుకోవాలి. ఒక యూనిట్ కోసం లెక్కకట్టిన పెట్టెలో మరొకటి బిగించరాదు. మంద్రాన్ని ఊఫర్‌కూ, తారాన్ని ట్వీటర్‌కూ పంచిపెట్టే క్రాస్‌ఓవర్‌ను చౌక భాగాలతో మార్చరాదు; రూపకర్త శ్రమలో అధికభాగం అక్కడే ఉంటుంది. చివరగా, ఒకటిన్నర వోల్టుల టార్చి సెల్లును స్పీకరు తీగలకు ఒక్క క్షణం తాకించి చూడాలి. సెల్లు ధనధ్రువం స్పీకరు ధనధ్రువానికి తగిలినప్పుడు రెండు పెట్టెలలోనూ పెద్ద శంకువులు బయటికే కదలాలి. ఒకటి లోపలికి పోతే తీగలు తిరగబడినట్లు. అలాగే వదిలేస్తే రెండు పెట్టెలూ పరస్పరం మంద్రాన్ని చెరిపివేసుకుంటాయి.

ఇంత శ్రమకు ప్రతిఫలం కొంత డబ్బు మిగలడమేనా? కాదు. 1970లనాటి స్పీకర్లు అనేకం శంకువు చుట్టూ ఉన్న నురుగు అంచు పొడిరాలి మూగబోయాయి. అంచు మార్చినవారి ఇళ్ళలో అవి మళ్ళీ పాడుతున్నాయి. నేటి చిన్న తీగలేని స్పీకర్లలో అనేకం జిగురుతో మూసి ఉంటాయి. లోపలి బ్యాటరీ చచ్చిపోతే మొత్తం వస్తువు చెత్తబుట్ట పాలు. తన చేత్తో మరలు బిగించినవానికి ఏ మర విప్పాలో తెలుసు. వస్తువును కొనడం ఒక ఎత్తు, దాన్ని ఎరిగి ఉండడం మరొక ఎత్తు. విడిభాగాల పెట్టె తక్కువ ధరకు మనకిచ్చేది ఆ రెండవదే.