గంటకి 10 రూపాయల దుప్పటి

మా ఇంటికొచ్చి సోఫాలో కూర్చోవాలంటే ముందు కుషన్ కింద ఒకసారి తడిమి చూసుకోవాలి. హుక్కు గుచ్చుకోవచ్చు. తల లేని ఎలుగుబంటి కూడా తగలొచ్చు. మొన్న కొరియర్ అబ్బాయి తలుపు పక్కన కొక్కేనికి వేలాడుతున్న ఆరు కాళ్లని చూసి, "మేడమ్, అవి దేనివి?" అని భయంభయంగా అడిగాడు. ఆక్టోపస్‌వి. ఇంకా రెండు అల్లాలి.

నేను క్రోషె, నిట్టింగ్ నేర్పిస్తాను. హైదరాబాద్‌లో మా ఫ్లాట్ హాలే క్లాస్‌రూమ్. ఆదివారం ఐదారుగురు వస్తారు. బుధ, శుక్రవారాలు రాత్రిపూట వీడియో కాల్‌లో ఇంకో నలుగురు. మిగతా టైమ్‌లో ఆర్డర్లు చేస్తాను. ఆ "మిగతా టైమ్" గురించే ఈ వారం గోల.

ప్రస్తుతం చేతిలో ఉన్నవి చెప్తా. శనివారానికి ఇవ్వాల్సిన 20 పొద్దుతిరుగుడు పువ్వుల కీచైన్లు. అక్క కొడుక్కి మొదలెట్టిన స్వెట్టర్. వాడు పుట్టినప్పుడు మొదలెట్టా, ఇప్పుడు వాడు యూకేజీ. ఇక అది వాడి టెడ్డీకే సరిపోతుంది. అమ్మ శాలువా సగంలో ఉండగా ఊలు అయిపోయింది. అదే షేడ్ నంబర్ చూసి కొనుక్కొచ్చా. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద బాగానే ఉంది, బాల్కనీలోకి తీసుకెళ్తే రెండు రంగులు! షేడ్ ఒకటే అయినా డై లాట్ వేరట. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, మీరైనా చూసి కొనండి. ఒక ఉండ ఎక్కువే కొనండి.

ఇవి కాక క్లాసు కోసం చేసినవి ఒక అట్టపెట్టె నిండా ఉంటాయి. టీవీలో వంటల ప్రోగ్రాం చూశారా? ఉల్లిపాయలు వేయించిన గిన్నె ఒకటి, మసాలా వేసిన గిన్నె ఒకటి ముందే రెడీగా పెట్టుకుంటారు. మాదీ అంతే. మొదటి వరస దాకా ఒక ముక్క, మూడో వరస దాకా ఇంకో ముక్క, మూల తిరిగేది ఇంకొకటి. పూర్తయిన వస్తువు ఒక్కటి ఉండదు, సగం సగం వస్తువులు మాత్రం వంద ఉంటాయి. మా ఆయన వాటిని "మ్యూజియం" అంటాడు.

నేర్పడం నాకిష్టం. నిట్టింగ్ పిల్లలు "సీదా, ఉల్టా, సీదా, ఉల్టా" అని గొణుక్కుంటూ కూర్చుంటే మంత్రాలు చదువుతున్నట్టే ఉంటుంది. అందులో కుట్లన్నీ సూది మీదే వరసగా ఉంటాయి. ఒకటి జారిందంటే కింద దాకా నిచ్చెన పడుతుంది, గదంతా హాహాకారాలు. క్రోషెలో ఆ భయం లేదు. హుక్కు మీద మామూలుగా ఒక్క ఉచ్చే మిగులుతుంది. తప్పు చేస్తే దారం లాగితే చాలు, గంట పని పది సెకన్లలో మళ్లీ ఉండైపోతుంది. ఓదార్పో, ఏడుపో మీరే చెప్పండి.

ఇంకో తిప్పలుంది. యూట్యూబ్ చూసి వచ్చేవాళ్లకి "డబుల్" అంటే ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి. అమెరికా వాళ్ల సింగిల్ క్రోషెని బ్రిటిష్ వాళ్లు డబుల్ అంటారు. ఒకే టోపీ ఇద్దరు మొదలుపెట్టారు. ఒకరిది టోపీలా వచ్చింది, ఒకరిది గొడుగులా వచ్చింది.

సరే, అసలు విషయానికొస్తా.

నాలుగు నెలల కింద ఒకమ్మాయి చేరింది. పాతికేళ్లుంటాయి. బాబు పుట్టాక ఉద్యోగం మానేసింది. చెయ్యి చాలా శుభ్రం. కుట్లు ఒకే బిగువులో వస్తాయి, అది నేర్పితే వచ్చేది కాదు. ఆరో క్లాసుకే గ్రానీ స్క్వేర్లు కళ్లు మూసుకుని చేసేసేది. ఎదురు ఫ్లాట్ ఆంటీ చూసి, మనవరాలికి దుప్పటి కావాలని ఆర్డరిచ్చింది. ఈ పిల్ల నా ఇన్‌స్టా పేజీ తెరిచి, "బేబీ బ్లాంకెట్ ₹1200" అని ఉంటే, అదే రేటు చెప్పేసింది. టీచర్ రేటు కదా, ఎక్కువ అడిగితే ఏం బాగుంటుంది అనుకుందట.

మూడు వారాల తర్వాత క్లాసులో, అందరూ ఉండగా అడిగింది. "అక్కా, ఆ దుప్పటి మీకు ఎన్ని గంటలు పడుతుంది?"

నేను నవ్వుతూ అనేశా, "గంటలేంటే! టీవీ చూస్తూ చేసేస్తాంగా."

ఆ పిల్ల ఏం మాట్లాడలేదు. రాత్రి పదకొండున్నరకి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. నోట్‌బుక్ కాగితం మీద పెన్నుతో రాసిన లెక్క. 48 చదరాలు, ఒక్కోటి 25 నిమిషాలు, మొత్తం 20 గంటలు. అన్నీ కలిపి కుట్టడం, దారం కొసలు దాచడం, చుట్టూ అంచు, ఇంకో 10 గంటలు. ఊలు 5 ఉండలు, ఒక్కోటి 180, మొత్తం 900. వచ్చింది 1200. మిగిలింది 300. కింద రెండు గీతలు గీసి, "గంటకి ₹10" అని రాసింది.

దాని కింద ఒక వాయిస్ నోట్. "మా అత్తయ్య అడిగారక్కా, రాత్రుళ్లు మేలుకుని ఎంత సంపాదించావని. చెప్పలేకపోయా. వచ్చే నెల నుంచి క్లాసుకి రానేమో. మీ మీద కోపం కాదు, మీకు ఎలా గిట్టుబాటవుతుందో తెలుసుకుందామని అడిగానంతే."

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే నాకు గిట్టుబాటు కాదు. ఎప్పుడూ కాలేదు. నేను జనరల్ బజార్‌లో ఎక్కువ మొత్తంలో కొంటా కాబట్టి అదే ఊలు నాకు 700కి వస్తుంది. చెయ్యి తిరిగింది కాబట్టి 24 గంటల్లో అయిపోతుంది. 500ని 24తో భాగించండి, గంటకి 21 కూడా రాదు. మరి ఇల్లెలా గడుస్తోంది? క్లాసు ఫీజులతో. అంటే నా దగ్గర నేర్చుకునేవాళ్లు ఇచ్చిన డబ్బుతో నష్టం పూడ్చుకుంటూ, వాళ్లు రేపు అమ్ముకోవాల్సిన వస్తువు రేటుని నేనే కిందికి లాగుతున్నా. ఆ పిల్లకి ఫీజులిచ్చే స్టూడెంట్లు లేరుగా!

అన్నిటికన్నా గుచ్చుకున్నది నా నోటి నుంచి వచ్చిన మాట. టీవీ చూస్తూ చేసేస్తాం. ఆ మాట నాది కాదు. చిన్నప్పుడు విన్నది.

మా అమ్మమ్మ వాళ్లది నరసాపురం దగ్గర పల్లె. అటువైపు లేసు అల్లిక తెలియని ఇల్లు తక్కువ. 19వ శతాబ్దంలో మిషనరీల ఇళ్ల ఆడవాళ్లు నేర్పారని, అక్కడి నుంచి ఊళ్లన్నిటికీ పాకిందని చెప్తారు. సన్నటి నూలు దారం, అంతకన్నా సన్నటి సూది. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని పువ్వులు అల్లుతుంటే, ఏజెంటు వచ్చి దారం ఇచ్చి, అల్లినవి లెక్కపెట్టి తీసుకెళ్లేవాడు. ఆ లేసులు ఓడెక్కి విదేశాలకి పోయేవి. అమ్మమ్మని ఎవరైనా "ఏం చేస్తుంటారు?" అని అడిగితే, "ఏం లేదమ్మా, ఇంట్లోనే ఖాళీ" అనేది. ఖాళీగా ఉండలేక చేస్తున్నా అనేది. తాతయ్యా అదే అనేవాడు, ఏజెంటూ అదే అనేవాడు. చివరికి చూపు మందగించి సూది పక్కన పెట్టేసే దాకా ఆవిడ "ఖాళీ"గానే ఉంది.

మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త ఆ ఊళ్లలో తిరిగి, నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ల మీద 1982లో ఒక పుస్తకం తెచ్చారు. అందులో వాదన ఇదే. వీళ్లని గృహిణులు అని పిలిచి, పనిని తీరిక వేళ కాలక్షేపం అని పిలవడం వల్లే అంత తక్కువ కూలికి అంత ఎగుమతి సాధ్యమైంది అంటారావిడ. నేను డిగ్రీలో ఉండగా ఆ సంగతి తెలిసి, అమ్మమ్మ తరఫున తెగ కోప్పడ్డా. ఇప్పుడు అదే మాట నేను నా స్టూడెంట్‌కి చెప్పా, నవ్వుతూ. 2024లో నరసాపురం క్రోషె లేసుకి జీఐ ట్యాగ్ వచ్చినప్పుడు స్టేటస్ కూడా పెట్టుకున్నా, గర్వంగా.

ఒక మాట చెప్తే మీరు నమ్మరేమో. స్వెట్టర్లు మెషిన్ మీద అల్లొచ్చు, మార్కెట్‌లో దొరికేవి ఎక్కువ అవే. క్రోషెకి మాత్రం అలాంటి మెషిన్ లేదు. దాన్ని పోలిన గుడ్డ వస్తుంది కానీ, అసలు కుట్టు చేత్తో వెయ్యాల్సిందే. మాల్‌లో క్రోషె టాప్ 599కి కనిపిస్తే, "అబ్బ, ఎంత చవక" అని మనం అనుకుంటాం. అది కూడా ఎవరో ఎక్కడో కూర్చుని ఒక్కో ఉచ్చూ లాగి చేసిందే. షాపు అద్దె, రవాణా, లాభం అన్నీ ఆ 599లోంచే పోవాలి. ఆ చేతులకి ఎంత మిగిలిందో ఊహించుకోండి.

మర్నాటి నుంచి ఫోన్‌లో టైమర్ పెట్టుకున్నా. ఒక్క వారం. ముందు ఒక పసిపిల్లల టోపీ మీద. మూడు గంటల పని అని పదేళ్లుగా చెప్తున్నా. అల్లడానికి 3 గంటల 10 నిమిషాలు, సరిపోయింది. కానీ "పింక్‌లో ఏ పింక్", "చెవులు కుందేలువా పిల్లివా" అని మెసేజ్‌లకి 40 నిమిషాలు. కొసలు దాచి, తడిపి, ఆకారం వచ్చేలా ఆరబెట్టడానికి 30. ఫొటోలకి 25. ప్యాకింగ్, కొరియర్ ఆఫీసుకి వెళ్లి రావడం 45. మొత్తం ఐదున్నర గంటలు. టోపీ 250, ఊలు 90. లెక్క మీరే వేసుకోండి, నాకు సిగ్గేస్తోంది. మణికట్టు నొప్పికి రాసుకునే బామ్ ఖరీదు ఇందులో కలపలేదు.

ఇంకోటి కూడా బయటపడింది. ఆ వారంలో నేను టీవీ "చూసింది" మొత్తం 9 గంటలు. కథేంటని అడిగితే ఒక్క ముక్క చెప్పలేను. కుట్లు లెక్కపెట్టుకుంటూ టీవీ చూడటం అనేది ఎవరు కనిపెట్టారో గానీ, పెద్ద అబద్ధం.

ఆదివారం క్లాసులో హుక్కులు పక్కన పెట్టించి, ఆ కాగితం ఫొటో, ఆ పిల్ల ఒప్పుకున్నాకే, అందరికీ చూపించా. నా టైమర్ లెక్కలు కూడా. "నేను మీకు తప్పు రేటు నేర్పా" అన్నా. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకావిడ, రిటైరైన లెక్కల టీచర్, చిన్నగా దగ్గి, "మరి గంటకి ఎంత వేద్దాం?" అంది. గొడవ మొదలైంది. 40 అని ఒకరు, 100 అని ఒకరు. "100 అంటే ఎవరు కొంటారే" అని ఇంకొకరు. చివరికి మొదట్లో 60 అని, చెయ్యి తిరిగాక పెంచుకోవచ్చని తేల్చాం. 60 గొప్పదేం కాదు. కానీ 10 కాదు.

నా పేజీలో పాత రేట్లన్నీ తీసేశా. ఇద్దరు పాత కస్టమర్లు మళ్లీ కనిపించలేదు. పెద్దమ్మ కూతురైతే, "మనవాళ్ల దగ్గర కూడా ఇంత తీసుకుంటావా" అని ఫోన్ చేసి అరగంట వాయించింది. ఆ అరగంటా చేతిలో ఆక్టోపస్ ఏడో కాలు అల్లుతూనే ఉన్నా, అది వేరే సంగతి. కీచైన్లు మాత్రం పాత రేటుకే ఒప్పుకున్నా కాబట్టి అలాగే ఇస్తున్నా. ఇచ్చిన మాట కదా.

ఆ అమ్మాయి క్లాసు మానలేదు, ఇప్పటికైతే. నిన్న ఆంటీ వాళ్ల బంధువెవరో అలాంటి దుప్పటే అడిగారట. రాత్రి నాకు మెసేజ్ పెట్టింది.

"ఊలు 900, 30 గంటలకి 1800, ప్యాకింగ్ 100. మొత్తం 2800 అని చెప్పేశా అక్కా. చేతులు వణికాయి."

"ఏమన్నారు?"

"బ్లూ టిక్కులు పడ్డాయి. రిప్లై రాలేదు."

పొద్దున్నుంచి ఇద్దరం ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నాం.